జేబులో పట్టే రిపేర్ గైడ్ ఇంకా కొనొచ్చా? బెంచ్ మీద కూర్చునేవాళ్ళు చెప్పండి

తెనాలి_సర్వీస్ | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెనాలిలో 14 ఏళ్ళుగా చిన్న కంప్యూటర్ సర్వీస్ సెంటర్ నడుపుతున్నాను. పని నేర్చుకునే రోజుల్లో మా గురువుగారు నా చేతిలో ఒక చిట్టి పుస్తకం పెట్టారు. చొక్కా జేబులో పట్టేస్తుంది. బీప్ కోడ్‌లు (మిషన్ లేవకపోతే కొట్టే బీప్‌ల అర్థాలు), ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే పెట్టె) వైర్ల రంగులు, ఏ ల్యాప్‌టాప్‌లో బయోస్‌కి (ఆన్ చెయ్యగానే మొదట నడిచే ప్రోగ్రాం) ఏ కీ నొక్కాలి, విండోస్ ఆగిపోతే వచ్చే నీలం స్క్రీన్ నంబర్లు, నెట్‌వర్క్ కేబుల్ రంగుల వరస, అన్నీ అందులోనే. అట్ట ఊడితే టేపు వేసుకుంటూ ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను. మొన్న వానకి బండి డిక్కీలోకి నీళ్ళు దిగి పుస్తకం ముద్దయిపోయింది.

కొత్తది ఆర్డర్ పెడదామని చూస్తుంటే షాపులో పనిచేసే కుర్రాడు "ఫోన్‌లో కొడితే వచ్చేదానికి పుస్తకం ఎందుకు సార్?" అన్నాడు. తీసిపారేసే మాట కాదు. కానీ ఈ వారం రోజులుగా కాల్‌కి వెళ్ళిన ప్రతిచోటా నా చెయ్యి దానంతటదే జేబు మీదకి పోతోంది.

అందుకే అడుగుతున్నాను. జేబు పుస్తకం ఇంకా వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఏ పేజీ కోసం తీస్తారు? మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు?

కొత్త_టెక్_వరంగల్ | మంగళవారం, రాత్రి 10:05

అన్నా, నేను మీ పోరని దిక్కే. పనిల చేరి రెండేండ్లయింది. బోర్డు మీద నంబర్ చూసుడు, ఫోన్ల కొట్టుడు, స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ బొమ్మ) పీడీఎఫ్ దింపుకునుడు, గంతే. ఒక్క ల్యాప్‌టాప్ బోర్డు స్కీమాటిక్కే పదుల పేజీలుంటది, గది ఏ జేబుల పడ్తది?

ఇగ బోర్డు మీద ప్రాసెసర్ కూసునే సాకెట్ల సంగతి. పుస్తకంల ఇంటెల్ సాకెట్ "1151" అని ఒక్క లైన్ రాసి ఊకుంటరు. 6, 7 జనరేషన్ ప్రాసెసర్లకు 100, 200 సిరీస్ బోర్డులు గావాలె, 8, 9 జనరేషన్‌కు 300 సిరీస్ బోర్డులు గావాలె. తప్పు బోర్డుల పెడితే సాకెట్ల మంచిగనే కూసుంటది, మిషిన్ మాత్రం లేవది. ఇసొంటియి ఏటేటా మారుతనే ఉంటయి. అచ్చయ్యే లోపట్నే పాతదయ్యే పుస్తకాన్ని పైసలు పెట్టి ఎందుకు కొనాలె?

పార్క్‌లేన్_సీనియర్ | మంగళవారం, రాత్రి 10:50

తమ్ముడు చెప్పిన దాంట్ల సగం నిజం. ఆ సగం నేను కండ్లార చూసిన.

1990ల చివర్ల సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల పని మొదలువెట్టిన. అప్పట్ల ఇంటర్నెట్ కావాలంటే ఇంటర్నల్ మోడెం కార్డు ఎయ్యాలె. ఎయ్యంగనే మౌస్ ఆగిపోయేది. మౌస్ కామ్1 పోర్టు మీద ఉంటది, దానికి ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ను పిలిచే లైన్) 4. మోడెం కామ్3 మీద పెట్టి ఇస్తరు, దానికి గూడ ఐఆర్‌క్యూ 4నే. రెండూ ఒకటే లైన్ మీద కొట్లాడుకుంటయి. బయోస్‌ల బోర్డు మీది కామ్2ను ఆపి, మోడెం జంపర్‌ను (కార్డు పిన్నుల మీది చిన్న క్లిప్పు) కామ్2కు, ఐఆర్‌క్యూ 3కు మారిస్తే రెండూ నడుస్తయి. ఆ పట్టిక మొత్తం జేబు పుస్తకంలనే ఉండేది. అది లేకుంట కాల్‌కు పోయినోడు మళ్ళ దుకాణానికి రావాల్సిందే.

కార్డు పెట్టంగనే మిషినే సెట్టింగ్ చూసుకునే ప్లగ్ అండ్ ప్లే కుదురుకున్నంక ఆ పేజీలు తిప్పినోడు లేడు. హార్డ్ డిస్కుల మాస్టర్, స్లేవ్ జంపర్ల పేజీ గూడ సాటా కేబుల్ వచ్చినంక పోయింది. కానీ అదే పుస్తకంల ఎస్‌ఎంపీఎస్ పేజీ చూడు తమ్ముడూ. పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3, ఊదా రంగు 5 వోల్టుల స్టాండ్‌బై, బూడిద రంగు పవర్ గుడ్, ఆకుపచ్చని నల్లదానికి కలిపితే ఆన్. అప్పుడు నేర్చుకున్నదే ఇయ్యాల గూడ కొత్త కుర్రాళ్ళకు చెప్తున్న. అటు 5 శాతం, ఇటు 5 శాతం. అంటే 12 వోల్టుల లైన్ 11.4 నుంచి 12.6 దాక ఉండొచ్చు, 5 వోల్టుల లైన్ 4.75 నుంచి 5.25 దాక. ఈ పేజీ కోసం పైసలు పెట్టినా దండుగ గాదు.

ఒక్క మాట మాత్రం నా పుస్తకంల లేకుండె. పిన్ను పెట్టి ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతది, మీటర్‌ల 12.1 చూపిస్తది, మనం "ఎస్‌ఎంపీఎస్ మంచిగుంది" అంటం. బోర్డుకు తగిలించి లోడ్ పడంగనే 11కు జారిపోతది. లోడ్ మీద కొలువు అని ఎర్ర పెన్నుతోని నేనే రాసుకున్న.

కేబుల్_కాకినాడ | బుధవారం, ఉదయం 6:55

నాది నెట్‌వర్క్ పని అండి. నిచ్చెన ఎక్కి ఫాల్స్ సీలింగ్‌లో తల పెట్టాక ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో కేబుల్. ఫోన్ తియ్యడానికి మూడో చెయ్యి లేదు. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఈ "బి" వరస నిద్రలో లేపి అడిగినా చెప్తాను. చిక్కల్లా పాత ఆఫీసుల్లో. ఒక చివర ఎవరో "ఏ" వరసలో కొట్టి వెళ్ళుంటారు. అందుకని ఏ, బి రెండు వరసలూ రంగుల్లో ప్రింట్ తీయించి, లామినేషన్ చేయించి, టూల్ బ్యాగ్ జిప్పుకి తగిలించాను. నాకు పుస్తకమంటే ఆ కార్డే.

షార్జా_ఏఎంసీ | బుధవారం, ఉదయం 11:20

మాది నిజామాబాద్ జిల్లా, ఇక్కడ షార్జాలో 9 ఏళ్ళుగా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) పని చేస్తున్నాను. ఫోన్ ఉంటే చాలు అనే తమ్ముడికి ఒక్క విషయం. మేము వెళ్ళే కొన్ని సైట్లలో గేటు దగ్గరే ఫోన్ తీసుకుని లాకర్లో పెట్టేస్తారు. టూల్స్ లిస్టు రాసిచ్చి లోపలికి పోవాలి. కాగితం పుస్తకం మాత్రం తిరగేసి చూసి ఇచ్చేస్తారు. ఇంటికి సెలవుకి వచ్చినప్పుడు ఒక స్నేహితుడితో ఆన్‌లైన్ పరీక్షల సెంటర్‌కి వెళ్ళాను, అక్కడా అంతే. పిల్లలు లోపల కూర్చుని ఉన్నారు, ఒక సిస్టమ్ ఆన్ కావట్లేదు, చేతిలో ఫోన్ లేదు.

అలాంటి చోట నాకు పనికొచ్చేది లైట్ల పేజీ. డెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్‌ప్లే రాకపోతే చిన్న లైట్ నారింజ రంగులో కొన్నిసార్లు, తెలుపులో కొన్నిసార్లు కొట్టుకుంటుంది. 2 నారింజ, 3 తెలుపు అంటే ర్యామ్ కనబడట్లేదు. 2, 7 అంటే ఎల్‌సీడీ. 3, 1 అంటే సీమోస్ బ్యాటరీ (బయోస్ సెట్టింగులు పోకుండా చూసే చిన్న బ్యాటరీ). ఈ మూడూ తెలిస్తే చాలాసార్లు అక్కడికక్కడే తేలిపోతుంది. వీటిని నేను గుర్తుపెట్టుకోలేను, రాసుకుంటాను.

చిప్‌లెవెల్_కడప | బుధవారం, మధ్యాహ్నం 3:15

పుస్తకమా ఫోనా అని అందరూ అంటాండారు. నాకు రెండింటి మీదా ఒకటే ఫిర్యాదు. అంకె ఇస్తారు, ఆ అంకె ఎప్పుడు చెల్లుతుందో చెప్పరు. బోర్డు మీద చిప్‌లు మార్చే చిప్ లెవెల్ పనిలో అట్లాంటి అంకె బోర్డు ప్రాణం తీస్తుంది.

నాకు జరిగిందే చెప్తా వినండి. ల్యాప్‌టాప్ ఒకటి వచ్చింది, ఆన్ అవుతుంది, డిస్‌ప్లే లేదు. అన్నీ చూసి బయోస్ కరప్ట్ అయిందని తేల్చినా. చిప్ తీసినా, చిప్‌లో ఫైల్ రాసే ప్రోగ్రామర్ మిషన్‌కి పెట్టినా. నా నోట్సులో "25క్యూ64, 8 ఎంబీ, 3.3 వోల్టులు" అని ఉంది. అదే నమ్మి రాయబోయినా. చదవదు, రాయదు, ముట్టుకుంటే వేడి. మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే చిప్ మీద 25క్యూ64ఎఫ్‌డబ్ల్యూ. నా నోట్సులో రాసుకున్నది 25క్యూ64ఎఫ్‌వీ. చివర ఒక్క అక్షరం. విన్‌బాండ్ చిప్‌లలో ఎఫ్‌వీ అంటే 3 వోల్టుల రకం, ఎఫ్‌డబ్ల్యూ అంటే 1.8 వోల్టుల రకం. నేను దానికి 3.3 ఇచ్చినా. చిప్ పోయింది. కొత్త చిప్ వేసినా, ఆ బోర్డుకి సరిపడే బయోస్ ఫైల్ వెతకడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే పాత చిప్‌లో ఉన్నదాన్ని కాపీ తీసుకునే అవకాశం నేనే పోగొట్టుకున్నా.

ఆ రోజు నుంచి బయోస్ చిప్‌ల పేజీని మళ్ళీ రాసినా. 25క్యూ64ఎఫ్‌వీ, జేవీ అయితే 3.3. ఎఫ్‌డబ్ల్యూ, జేడబ్ల్యూ అయితే 1.8, అడాప్టర్ లేకుండా పెట్టొద్దు. మ్యాక్రోనిక్స్‌లో 25ఎల్ అయితే 3.3, 25యూ అయితే 1.8. గిగాడివైస్‌లో 25క్యూ అయితే 3.3, 25ఎల్‌క్యూ అయితే 1.8. పక్కన ఏ బోర్డులో చూసినానో, ఏ తేదీన చూసినానో రాస్తా. తేదీ లేని అంకెని నేను నమ్మను, అది అచ్చయిన పుస్తకంలో ఉన్నా సరే, ఫోన్‌లో మొదట వచ్చినా సరే.

తెనాలి_సర్వీస్ | బుధవారం, రాత్రి 8:30

కడప అన్నగారి మాట చదివాక నాకు రెండేళ్ళ కిందట జరిగింది కళ్ళముందుకొచ్చింది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఒక డీటీపీ సెంటర్ ఆయన డెస్క్‌టాప్ తెచ్చారు. ఏసుస్ బోర్డు. ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు. నా జేబు పుస్తకంలో ఒక పొడుగు, రెండు పొట్టి అంటే డిస్‌ప్లే కార్డు అని ఉంది. కార్డు తీసి కాళ్ళు రబ్బరుతో రుద్దాను, స్లాట్ తుడిచాను, మార్పులేదు. నా మాట మీద ఆయన 4,500 పెట్టి కొత్త కార్డు కొన్నారు. వేశాం. అదే బీప్. చివరికి ర్యామ్ తీసి పక్క స్లాట్‌లో పెడితే మిషన్ లేచింది. తర్వాత ఆ బోర్డు మాన్యువల్ వెతికి చూశాను. ఏసుస్ బోర్డుల్లో ఒక పొడుగు, రెండు పొట్టి అంటే ర్యామ్ కనబడట్లేదని. ఒక పొడుగు, మూడు పొట్టి అయితేనే డిస్‌ప్లే కార్డు. నా పుస్తకంలో ఉన్నది అవార్డ్ అనే కంపెనీ పాత బయోస్ పట్టిక. పట్టిక తప్పు కాదు, అది ఆ బోర్డుది కాదు. కార్డు నేను వెనక్కి తీసుకుని డబ్బులు ఇచ్చేశాను. ఆయన పెళ్ళికార్డుల సీజన్‌లో రెండు రోజులు పోగొట్టుకున్నారు, అది ఇవ్వలేకపోయాను.

పుస్తకం తడిసిపోయినందుకు బాధపడుతున్నాను గానీ, ఆ పేజీ మళ్ళీ అలాగే వస్తే మళ్ళీ అదే పని చేస్తాను కదా అనిపిస్తోంది.

పాలిటెక్నిక్_ల్యాబ్ | గురువారం, ఉదయం 9:10

నమస్కారం. నేను పాలిటెక్నిక్‌లో హార్డ్‌వేర్ ల్యాబ్ చూస్తాను. తెనాలి గారు రాసింది మా పిల్లలకి చదివి వినిపించాను, ఏమీ అనుకోవద్దు.

ఇక్కడ ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటుంది. దొరికే జేబు పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, అదీ పూర్తికాని ముక్క వాక్యాల్లో. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు అంకె చదువుతాడు, దాని పక్కన ఉన్న షరతు వదిలేస్తాడు. అంకె అర్థమైంది కాబట్టి అంతా అర్థమైందనుకుంటాడు. అందుకని నేను ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒక చిన్న నోట్‌బుక్ తెచ్చుకోమంటాను. చేత్తో రాయాలి, తెలుగు అక్షరాల్లో, తను మాట్లాడే మాటలోనే రాయాలి.

పోయిన నెల ఒక అమ్మాయి రాసుకున్నది చూపిస్తాను. ల్యాబ్‌లో ఒక సిస్టమ్ మాటిమాటికీ ఆగుతోంది. హార్డ్ డిస్క్ స్మార్ట్ రిపోర్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే లెక్కలు) తీసింది. 199వ నంబర్ దగ్గర లెక్క వందల్లో ఉంది. పక్కనున్నవాళ్ళంతా హార్డ్ పోయింది, మార్చేద్దాం అన్నారు. తను నోట్‌బుక్ తీసింది. అందులో ఇలా ఉంది: "5, 197, 198 పెరిగితే డిస్క్ లోపల జబ్బు, ముందు డేటా తీసుకో. 199 ఒక్కటే పెరిగితే డిస్క్‌ని తిట్టకు, సాటా కేబుల్ మార్చి చూడు." కేబుల్ మార్చారు. పాత లెక్క తగ్గదు, అది అలాగే ఉండిపోతుంది. కానీ మర్నాటికి ఒక్కటి కూడా పెరగలేదు. డిస్క్ ఇప్పటికీ నడుస్తోంది.

"డిస్క్‌ని తిట్టకు" అన్న మాట నేను బోర్డు మీద రాసింది కాదు. ఆ అమ్మాయి సొంతంగా రాసుకుంది. అందుకే పని ఒత్తిడిలో కూడా గుర్తొచ్చింది.

కొత్త_టెక్_వరంగల్ | గురువారం, మధ్యాహ్నం 1:40

మేడమ్, మీరు రాసింది జూసినంక నాకొకటి గుర్తుకొచ్చింది. నేను 199 గురించి ఎన్నడు వెతికినా ఫోన్ల పది నిమిషాల వీడియోనే వస్తది. ఎనిమిదో నిమిషం దాక హార్డ్ డిస్క్ చరిత్ర చెప్తరు. కస్టమర్ ఎదురుంగ కూసొని మనం వీడియో చూస్తుంటే ఆయన మొఖం మారుతది. పనొస్తదా రాదా అని చూస్తడు.

నా మాట నేను మొత్తం మార్చుకుంటలేను. స్కీమాటిక్, బోర్డ్ వ్యూ (బోర్డు మీద ఏ పార్టు యాడుందో చూపే ఫైల్), కొత్త సాకెట్లు, డ్రైవర్లు, ఇవన్నీ ఫోన్‌ల, ల్యాప్‌టాప్‌లనే చూడాలె. కానీ పార్క్‌లేన్ అన్న చెప్పిన ఎస్‌ఎంపీఎస్ పేజీ, కడప అన్న బయోస్ పేజీ ఫోటో తీసిపెట్టుకున్న. అన్నా, ఒకటి చెప్పుండ్రి. చార్జింగ్ సెక్షన్‌ల "ఆర్010" అని ఉన్న రెసిస్టర్‌ను మీటర్‌ల కొలిస్తే షార్ట్ చూపిస్తుంది. అది పోయినట్టేనా?

చిప్‌లెవెల్_కడప | గురువారం, మధ్యాహ్నం 2:05

లేదు తమ్ముడూ, దాన్ని పీకొద్దు! "ఆర్" ఉన్న చోట చుక్క పెట్టుకో. ఆర్010 అంటే 0.010 ఓమ్, అంటే 10 మిల్లీ ఓములు. మామూలు మీటర్‌లో అది తీగ ముక్క మాదిరే బీప్ కొడుతుంది. కరెంట్ ఎంత పోతుందో కొలవడానికి పెట్టిన రెసిస్టర్ అది. అదే విధంగా 2ఆర్2 అంటే 2.2 ఓములు. మూడు అంకెలుంటే చివరిది సున్నాల లెక్క, 103 అంటే 10 తర్వాత మూడు సున్నాలు, 10 కిలో ఓములు. నాలుగు అంకెలుంటే 1002 కూడా 10 కిలోలే. చిన్న సైజు వాటి మీద "01సీ" అని ఉంటుంది, అదీ 10 కిలోలే. మూడు రాతలు, ఒకటే విలువ. ఇది మాత్రం జేబులో పెట్టుకో, ఈ పేజీ పాతబడదు.

పార్క్‌లేన్_సీనియర్ | గురువారం, సాయంత్రం 6:30

తెనాలి తమ్ముడూ, బీప్ కోడ్‌ల పేజీ ఉండాల్నా వద్దా అని ఆలోచిస్తున్నవు గద. ఉండాలె. పేజీ పైన బయోస్ కంపెనీ పేరు ఒక్కటి రాస్తే సాలదు, బోర్డు కంపెనీ పేరు గూడ రాయి. నా దగ్గర ఒక అలవాటుంది. అచ్చు పుస్తకంల ఏదన్న పేజీ చూసి పని చేసి, అది నిజమైతే ఆ లైన్ పక్కన టిక్ పెడ్త, బోర్డు నంబర్ రాస్త. అబద్ధమైతే కొట్టేస్త. రెండు మూడేండ్లల్ల తెల్వకుండనే పుస్తకం నాదైపోయింది. టిక్ లేని లైన్లు నేను కస్టమర్ ముంగట నోటితోని అనను.

షార్జా_ఏఎంసీ | గురువారం, రాత్రి 9:00

ర్యామ్ వోల్టేజీలు కూడా రాసుకోండి. డీడీఆర్3 అయితే 1.5, డీడీఆర్3ఎల్ 1.35, డీడీఆర్4 1.2, డీడీఆర్5 1.1. ల్యాప్‌టాప్ స్లాట్ పిన్నులు డీడీఆర్3, 4, 5కి వరసగా 204, 260, 262. 260కి, 262కి తేడా రెండే, కంటికి ఆనదు, గాటు ఉన్న చోటు చూసుకోవాలి. తొందరలో బలవంతంగా నొక్కిన స్లాట్‌లు రెండు చూశాను.

తెనాలి_సర్వీస్ | శనివారం, రాత్రి 10:15

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఏం చేశానో చెప్తాను.

అచ్చు పుస్తకం ఒకటి ఆర్డర్ పెట్టాను, ఎస్‌ఎంపీఎస్, కనెక్టర్ల బొమ్మలు, రెసిస్టర్ పట్టికల కోసం. దాంతోపాటు స్టేషనరీ షాపులో గట్టి అట్ట ఉన్న జేబు డైరీ రెండు కొన్నాను, ఒకటి నాకు, ఒకటి కుర్రాడికి. ప్రతి పేజీకి నాలుగు గళ్ళు గీశాం. ఏం కనబడింది, ఏ బోర్డు, ఏం చేస్తే తగ్గింది, ఏ తేదీ. రాసుకున్నాక సాయంత్రం షాపు మూసేముందు ఒకరి డైరీ ఇంకొకరం చదువుతున్నాం.

మొదటి పేజీ వాడిదే. నిన్న బ్యాంకు దగ్గర్లోని మీసేవ సెంటర్ నుంచి కాల్. విండోస్ ఎక్కట్లేదు, నీలం స్క్రీన్, 7బి (విండోస్ ఉన్న డిస్క్ అందట్లేదని). వాడు ఒక్కడే వెళ్ళాడు. ఎవరో సీమోస్ బ్యాటరీ మార్చారట, బయోస్ మామూలు సెట్టింగులకి పోయి సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) మారిపోయింది. వాడు ముందున్న ఏహెచ్‌సీఐ మోడ్‌కి తిప్పాడు, విండోస్ ఎక్కింది. ఫార్మాట్ కొట్టే పని తప్పింది. డైరీలో ఇలా రాశాడు: "7బి వస్తే హార్డ్ మీద చెయ్యి వెయ్యకముందు అడగాలి, ఈ మధ్య బ్యాటరీ గానీ మార్చారా అని." సొంత దస్తూరీతో రాసిన ఆ లైన్ నా పాత పుస్తకంలో లేదు.

కాకినాడ గారూ, మీ కార్డుకి లామినేషన్ అంటున్నారు కదా, డైరీ పేజీలు వానకి తడవకుండా ఏం వాడొచ్చు? మా డిక్కీ ఇంకా బాగుచేయించలేదు.

కేబుల్_కాకినాడ | ఆదివారం, ఉదయం 7:20

జిప్పున్న ప్లాస్టిక్ కవర్ చాలండి, మందులషాపులో అడిగితే ఇస్తారు. జెల్ పెన్ను మాత్రం వాడకండి, చెమటకే అలుక్కుపోతుంది. బాల్ పెన్నే మేలు. డైరీ డిక్కీలో పెట్టకండి, జేబులోనే ఉంచండి.